‘ప్రీపోన్’ పుట్టిల్లు

జెర్సీ సిటీలో మన ఇళ్లల్లో ఇంగ్లిష్ మాస్టార్లు పిల్లలే. తండ్రిగారు ఫోన్‌లో ‘డిస్కస్ అబౌట్’ అన్నా, ‘రిటర్న్ బ్యాక్’ అన్నా అక్కడికక్కడే ఎర్రసిరా పడుతుంది. పడాల్సిందే, ఆ తోకలు దండగే. కానీ మీటింగ్ ‘ప్రీపోన్’ అయిందంటే చాలు, “నాన్నా, అది ఇంగ్లిషే కాదు, ఇండియాలో పుట్టిన మాట!” అని తీర్పు.

చిత్తం. కాకపోతే ఆ మాటను నేనే పుట్టిస్తున్నానంటూ 1913లో ఒక పెద్దమనిషి ఉత్తరం రాసింది న్యూయార్క్ టైమ్స్‌కు. పాత్ రైలెక్కితే అవతలి ఒడ్డే! అదీ ముఖ్యంగా లాయర్ల మేలు కోరి రాశాడట. వాయిదాల మీద బతికేవాళ్లకు ముందుకు జరపడం నేర్పబోయాడు, పాపం. వాళ్లు పట్టించుకోలేదు, మనం పెంచుకున్నాం.

ఇక ‘కుడ్ హావ్’ అని రాయాల్సిన చోట ‘కుడ్ ఆఫ్’ అని రాసే దొరబాబులున్నారు. వాళ్ల దగ్గర ఎర్రసిరా ఇంకిపోతుంది. సూపర్ మార్కెట్‌లో ‘ఫ్యూయర్’ ఉండాల్సిన చోట ‘టెన్ ఐటమ్స్ ఆర్ లెస్’ అని బోర్డు వేలాడుతుంటే, మన బాలపండితులు దాని కిందే బుద్ధిగా నిలబడి సరుకులు లెక్కపెట్టుకుంటారు.