విశ్వామిత్రుడికి నోటీసు

భీష్మ ఏకాదశికి మా రామతీర్థంలో సీతారాముల కల్యాణం జరిగింది. తలంబ్రాల బియ్యం ఇంకా కొంగుల్లో ఉండగానే, 2026 ఫిబ్రవరి 1 ఆదివారం నాడు ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు బడ్జెట్ చదివారు. విదేశీ టూర్ ప్యాకేజీల మీద ముందుగా పట్టుకునే పన్ను (టీసీఎస్) ఇన్నాళ్ళూ పది లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం. ఏప్రిల్ నుంచి ఎంత ప్యాకేజీకైనా రెండే శాతమట. అందరూ ఊరట అంటున్నారు.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. మా స్వామివారి పెళ్ళి ఎక్కడ? మిథిలలో. ఆ మిథిల ఇవాళ నేపాల్‌లో జనక్‌పూర్. అంటే బోధికొండ కింద కొలువైన మా రాముడిది పన్నుల శాఖ లెక్కలో విదేశీ పెళ్ళి. ఫైలు తెరవక తప్పదు.

మొదటి ముద్దాయి విశ్వామిత్రుడు. యాగం కాపలాకని అయోధ్యలో ఇద్దరు కుర్రాళ్ళను వెంటబెట్టుకుని బయల్దేరాడు. యాగం అయ్యాక వెనక్కి పంపాడా? అటునుంచి అటే సరిహద్దు దాటించాడు. దారి ఖర్చు, బస, తిండి కలిపి మనిషిని దేశం దాటిస్తే అది విదేశీ టూర్ ప్యాకేజీ. అమ్మినవాడే పన్ను పట్టుకుని ఖజానాకు కట్టాలి. 2020 అక్టోబరు నుంచి చట్టం ఇదే. మహర్షి దమ్మిడీ కట్టిన దాఖలా లేదు. తాను డబ్బు ముట్టలేదంటాడు, అందరూ అదే అంటారు. కమండలం సీజ్ చేస్తే నిజం బయటికొస్తుంది.

రెండో ముద్దాయి దశరథుడు. డబ్బు మూటలతో ఖజానా వాళ్ళను ముందు పంపి, వెనక సైన్యంతో నాలుగు రోజులు ప్రయాణం చేశాడని వాల్మీకే రాసిపెట్టాడు, వేరే సాక్ష్యం దేనికి? ఒక పెళ్ళికని వెళ్ళి నాలుగు పెళ్ళిళ్ళు చేయించుకొచ్చాడు. పాత రేటు ప్రకారం పది లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 20 శాతం. కాస్త ఆగి ఏప్రిల్ తర్వాత ముహూర్తం పెట్టుకుంటే రెండు శాతంతో పోయేది. వశిష్ఠుల వారు తిథి చూశారు, నక్షత్రం చూశారు, ఆర్థిక సంవత్సరం చూడలేదు. ఇక జనకుడు అరణంగా ఇచ్చిన లక్షల ఆవులూ కంబళ్ళూ ముత్యాలూ చెక్‌పోస్టులో డిక్లేర్ చేశారా అన్నది కస్టమ్స్ వాళ్ళు చూసుకుంటారు.

మూడో ముద్దాయి రాముడి కాలంలో పుట్టలేదు. మా ఊరి మామ్మ. ఓ నెల ఒకటో తారీఖున పింఛను నాలుగువేలు వేలిముద్ర వేసి తీసుకుని, ఆ రాత్రే నెల్లిమర్లలో యాత్ర బస్సెక్కింది. చీటీ పాట డబ్బు, మేక అమ్మిన డబ్బు కలిపి ప్యాకేజీకి పాతికవేలు కట్టింది. బస్సు టాపు మీద బియ్యం బస్తాలు, గుండిగలు, ఆవకాయ డబ్బాలు. పెట్రోలు బంకు పక్కన బస్సాపి వంటవాడు పొయ్యి వెలిగిస్తే ఆడవాళ్ళంతా దిగి ఉల్లిపాయలు తరుగుతారు. పూరీ, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య, ఆపైన సునౌలి సరిహద్దు దాటి ఖాట్మండు. ఫారిన్ ఎలా ఉందే మామ్మా అని అడిగాను. “ఫారినేటి బాబూ! పసుపతినాథుడికి దండమెట్టుకోని వొచ్చీసినాం. బస్సు దిగీసరికి కాళ్ళు స్తంబాల్లాగ వాసిపోనాయి” అంది.

నేపాల్‌లో ఉన్నది రెండు మూడు రోజులు. పన్ను మాత్రం మొత్తం ప్యాకేజీ మీద. నెల్లిమర్లలో టాపు మీదికెక్కించిన బియ్యమూ విదేశీ ఖర్చే, పూరీ సత్రం గదీ విదేశీ ఖర్చే. ఈ యాత్రలు నడిపే మేనేజర్లలో సగం మంది ఈ చట్టం పేరు విని ఉండరు. విననివాడు ఎగవేతదారు. విన్నవాడు మామ్మ దగ్గరే వసూలు చేస్తాడు.

ఇదే ప్రభుత్వం, నేపాల్ వెళ్ళడానికి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు అక్కర్లేదు, ఓటరు కార్డు చాలంటుంది. నేపాల్ వెళ్తున్నాను, విదేశీ మారకం ఇవ్వండని బ్యాంకులో అడిగి చూడండి, ఫెమా నిబంధనల్లో అది నిషిద్ధం. డాలరు అడిగితే స్వదేశం, పన్ను దగ్గరికొచ్చేసరికి విదేశం.

ఇక్కడితో నా వేళాకోళం అయిపోయింది. లెక్క చూడండి. పదిహేను లక్షల యూరప్ టూరుకు వెళ్ళే పెద్దమనిషి దగ్గర నిన్నటిదాకా లక్షా యాభై వేలు పట్టుకునేవారు. ఇకనుంచి ముప్పై వేలు. లక్షా ఇరవై వేలు ఆయన చేతిలోనే ఉంటాయి. పట్టుకున్నదీ ఊరికే పోదు, ఏడాది చివర ఆయన కట్టాల్సిన పన్నులో సర్దుకుంటారు. మామ్మకు 1,250 రూపాయలది 500 అయింది. ఆమెకు కట్టాల్సిన పన్నే లేదు, దేన్లో సర్దుకుంటారు? తిరిగి రావాలంటే పాన్ కార్డు కావాలి, రిటర్ను వెయ్యాలి. పాన్ లేకపోతే పట్టుకునే రేటు ఇంకా పెరుగుతుంది. రిటర్ను రాసిపెట్టేవాడు అయిదొందలకు తక్కువ తీసుకోడు. తీరా వేశాక, పింఛనుకు అర్హత తేల్చే ఆరంచెల వడపోతలో ఆదాయపు పన్ను గడి దగ్గర ఆమె పేరు మెరిస్తే, పింఛను ఉంటుందో ఊడుతుందో అని వణుకుతూ తిరగాల్సింది ఆమే. అందుకే ఆ అయిదొందలు ఎవరూ అడగరు. అడగరని తెలిసే పట్టుకుంటారు. పేదవాళ్ళు వదిలేసుకునే డబ్బు మీద లెక్క కట్టుకుని దానికి ఊరట అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

నేపాల్, భూటాన్ ప్యాకేజీలను ఈ పద్దులోంచి తప్పించడానికి చట్టంలో ఒక్క వాక్యం చాలు. స్విట్జర్లాండ్ వెళ్ళేవాడి కోసం ఆదివారం పూట పార్లమెంటు తెరిచి మరీ ఒక వాక్యం చదివారు. మామ్మ కోసం ఆ రెండో వాక్యం రాయడానికి ఎవరి చెయ్యి రాలేదో చెప్పండి.