సీసా శాసనానికి ‘బిరడా’ వ్యాఖ్య

అవతారిక

మా పెద్ద తోడల్లుడుగారు కాలిఫోర్నియా నుంచి రోహిణి కార్తె చివర్లో ఒంగోలు దిగారు. పెట్టెలో రెండు సీసాలు, నాపా లోయ కబెర్నే సావిన్యాన్. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కనుక లీటరున్నర వైనూ, తక్కిన అర లీటరుకు సరిపడా ఉపన్యాసమూ తెచ్చుకున్నారు. రాత్రి భోజనాలకు ముందు అందరినీ కూర్చోబెట్టి, ఎవరినీ గ్లాసు ముట్టుకోనివ్వకుండా, సీసా వెనక అంటించిన చీటీని రెండుసార్లు చదివారు. మొదటిసారి ఇంగ్లీషులో, రెండోసారి మరింత ఇంగ్లీషులో. వేదం విన్నట్టు విన్నాం గాని అర్థం అడగలేదు. ఆ బాకీ తీర్చడానికే ఈ టీక.

మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నాకు ఆ రెండు ఒట్లూ లేవు. ఆయన తన టీకలకు సంజీవని, ఘంటాపథం, సర్వంకష అని పేర్లు పెట్టుకున్నాడు. నాదాని పేరు బిరడా. లోపలున్నదాన్ని బయటికి రానివ్వకపోవడం టీకకూ బిరడాకూ సమానధర్మం.

మూలం (తెలుగు నాదే)

“నాపా లోయ రిజర్వ్. ముదురు ఊదా ఛాయ. నల్లపండ్ల పరిమళం వెనుక సిగారు పెట్టె, తడిసిన రాయి. పట్టులాంటి టానిన్లు. సుదీర్ఘమైన ముగింపు. గది ఉష్ణోగ్రతలో, కుటుంబంతో ఆస్వాదించదగినది.”

టీక

సీసా, పండ్లు, రాయి: స్పష్టం. అయితే సీసపద్యం వెంట ఎత్తుగీతి ఉండి తీరాలని ఛందస్సు నియమం. ఈ సీసా వెంట ఎత్తవలసినది గ్లాసు. దాన్ని ఇరవై నిమిషాల దాకా ఎత్తనివ్వలేదు గనుక ఛందోభంగం.

ముదురు ఊదా ఛాయ: మా అత్తగారింట్లో ఉన్నవి స్టీలు గ్లాసులు. ప్రత్యక్ష ప్రమాణానికి స్టీలు అడ్డం. కాబట్టి ఇక్కడ శబ్దమే ప్రమాణం, ఆ శబ్దం తోడల్లుడిగారిది.

నాపా లోయ: ఇక్కడ కొంచెం ఆగాలి. “వైన్‌కి ఊరు ముఖ్యం తమ్ముడూ. ఆ మట్టి, ఆ మంచు, ఆ గాలి. ఇవన్నీ మనవాళ్లకి తెలీవు” అన్నారు ఆయన. మనవాళ్లు అంటే ఎవరు? అమెరికా 1981లో నాపా లోయకు గిరి గీసి, ఆ పేరు ఎవరు వాడుకోవచ్చో నిర్ణయించింది. మంచిదే. పాణిని మాత్రం ఆ పని రెండు వేల ఏళ్లకు పైగా కిందటే, అష్టాధ్యాయి నాలుగో అధ్యాయం రెండో పాదంలో, తొంభై తొమ్మిదో సూత్రంలో చేసి పెట్టాడు. కాపిశి అనే ఊరి పేరు మీద ‘ష్ఫక్’ అనే ప్రత్యయం వస్తుందన్నాడు. ఆ ఊరు ఇప్పటి కాబూలుకు ఉత్తరాన, బెగ్రామ్ దగ్గరిది. ష్ఫక్‌లో ముందరి షకారమూ చివరి కకారమూ ఇత్తులు, పోతాయి. మిగిలిన ఫకారం స్థానంలో ‘ఆయన్’ వస్తుంది. కాపిశాయనం సిద్ధించింది. కాపిశిలో పుట్టినది అని అర్థం. పోయిన షకారం ఊరికే పోలేదు, స్త్రీలింగంలో ఈకారం తెచ్చిపెట్టి పోయింది. అందుచేత అక్కడి మధువు కాపిశాయనం, అక్కడి ద్రాక్ష కాపిశాయని. వ్యాఖ్యాతలు ఇచ్చే ఉదాహరణలు సరిగ్గా ఈ రెండే. ఒక్క ఊరి కోసం ఒక సూత్రమంతా ఖర్చు పెట్టాడు, అర మాత్ర మిగిలితే కొడుకు పుట్టినంత సంబరపడతారని పేరున్న వైయాకరణుల పెద్ద! ఆయన ఊరు శలాతురం, కాపిశి ఆయనకు పొరుగు సీమే. రుచి చూశాడా అంటే సూత్రం చెప్పదు. చూడకపోతే సూత్రం ఎందుకు పుట్టిందన్నది నా ఆక్షేపం. సమాధానం నేనే రాసుకుంటాను, మరో గ్లాసు పోస్తే.

కౌటిల్యుడు మరో అడుగు ముందుకేశాడు. సురాధ్యక్షుడి ప్రకరణంలో మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు చెప్పి, ద్రాక్షరసంతో చేసినదే మధువన్నాడు. దానికి పుట్టిన దేశమే పేరవుతుందని చెప్పి, కాపిశాయనం, హారహూరకం అని రెండు చూపించాడు. ఇంత చక్కని పద్ధతి ఉన్నవాళ్ల వారసులం. మన ఊళ్లలో దేవుడి పేరు ముందు పెట్టి ‘వైన్స్’ అని బోర్డు రాస్తాం. లోపల బ్రాందీ, విస్కీ, బీరు ఉంటాయి. వైన్ అడిగితే కుర్రాడు పై అరలో దుమ్ము దులుపుతాడు. ముఖ్యార్థాన్ని వదిలేసి సంబంధించిన మరో అర్థాన్ని పట్టుకోవడం జహల్లక్షణ. గంగలో గొల్లపల్లె అన్నది పాత ఉదాహరణ. ఇకపై అలంకారశాస్త్ర విద్యార్థులకు వైన్స్ బోర్డే చాలు. గంగ కన్నా దగ్గర్లో ఉంటుంది.

“ఏమయ్యా, తాగుతావా, తీసెయ్యమంటావా?” అన్నారు అత్తగారు. ప్రకృతం అనుసరిస్తున్నాను.

రిజర్వ్: అమెరికాలో ఈ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఎవరైనా అంటించుకోవచ్చు. పద్యంలో గణం చాలనప్పుడు వేసే పాదపూరణం వంటిది. ఇక్కడ పూరించేది ధర.

సిగారు పెట్టె: మా మామగారు ముప్పై ఏళ్లు వర్జీనియా పొగాకు బ్యారన్ల దగ్గర గడిపిన మనిషి. “ఇందులో పొగాకు వాసన పట్టుకోండి మామయ్యగారూ” అంటే గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని చాలాసేపు ఆలోచించి, “ఏ గ్రేడు?” అని అడిగారు. దీనికి పాఠాంతరం దొరకలేదు.

మా బావమరిది మాత్రం క్యాప్సికం కూర వాసన వస్తోందన్నాడు. అందరూ నవ్వారు. తోడల్లుడుగారు జాలిపడ్డారు. నిజానికి ఆ గదిలో శాస్త్రసమ్మతంగా మాట్లాడినవాడు అతనొక్కడే. క్యాప్సికానికి ఆ వాసన ఇచ్చే పైరజీన్ జాతి పదార్థం కబెర్నే ద్రాక్షలోనూ ఉంటుంది. పండు సరిగా ముగ్గకపోతే మరీ తెలుస్తుంది. సిగారు పెట్టె ఎన్నడూ చూడనివాడు క్యాప్సికం అనక ఏమంటాడు?

పట్టులాంటి టానిన్లు: ఇక్కడ నాకు హాస్యం రావడం లేదు. మా అత్తగారు అందరికంటే ముందు ఒక గుక్క తాగి, “వగరుగా ఉంది నాయనా, పచ్చి నేరేడుపండులాగ” అన్నారు. అంతకన్నా కచ్చితంగా ఎవరు చెప్పగలరు? ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ దిగేదే టానిన్. తోళ్లు పదును చేయడానికి కరక్కాయలోంచి వాడుకునేదీ అదే. నాలుక మీద అది చేసే పనికి మనకు వగరు అని మూడక్షరాల మాటుంది. ఆరు రుచుల్లో ఒకటిగా, కషాయమన్న పేరుతో, దానికో పీట కూడా ఉంది. ఇంగ్లీషువాడికి ఇంత వాడుక మాట లేక నోరు ఎండిందనీ, చిగుళ్లు పట్టేశాయనీ, పట్టనీ మఖమలనీ బట్టలకొట్టంతా తిరుగుతాడు. మాట ఉన్న మనిషిని పట్టుకుని మా తోడల్లుడుగారు, “వగరు కాదత్తయ్యా, దాన్ని స్ట్రక్చర్ అంటారు” అన్నారు. ఆవిడ వెంటనే, “ఏమో నాయనా, నాకేం తెలుసు” అని గ్లాసు కింద పెట్టేశారు. డెబ్భై ఏళ్లుగా పులుసులో ఉప్పు వాసన చూసి చెప్పే మనిషి తన నాలుక తనది కాదని ఒప్పుకున్నారు. ఈ చీటీలు రాసేవాళ్ల మీద నా ఫిర్యాదంతా ఇదే.

మన ఆలంకారికులు నోట్లో వేసుకోగానే కరిగే కవిత్వాన్ని ద్రాక్షాపాకమన్నారు. పగలగొడితే తప్ప రసమివ్వనిది నారికేళపాకం. ద్రాక్ష గురించి నారికేళపాకంలో రాసే ఘనత ఈ చీటీకారులదే.

సుదీర్ఘమైన ముగింపు: ఉపన్యాసానికి అన్వయించుకోవలెను.

గది ఉష్ణోగ్రత: ఎవరి గది? ఈ మాట పుట్టింది చలిదేశపు ఇళ్లలో. ఎర్రవైనుకు వాళ్లు కోరేది పదహారు, పద్దెనిమిది డిగ్రీలు. రోళ్లు పగిలే కార్తెలో ఒంగోలు గదిలో ఆ వైను కాఫీకి నాలుగడుగుల దూరంలో ఉంది. ఫ్రిజ్‌లో పెడదామంటే అపచారమన్నారు.

కుటుంబంతో: ఇదే ఈ శాసనానికి ఆయువుపట్టు. ‘తో’ తృతీయా విభక్తి. సహార్థమా, కరణార్థమా? సహార్థమైతే కుటుంబం కూడా తాగాలి, మాట్లాడాలి, నచ్చకపోతే నచ్చలేదని అనాలి. అలా జరగలేదు. కాబట్టి కరణార్థమే సిద్ధాంతం. కత్తితో కోసినట్టు, చెంచాతో తిన్నట్టు, కుటుంబంతో ఆస్వాదించడం. వినడానికి ఆరుగురు లేకపోతే ఆ సీసా ఆయనకు రుచించదు.

తాత్పర్యం

భోజనాలయ్యాక అత్తగారు రోజూ చేసేట్టే అలమర తెరిచి ద్రాక్షారిష్టం సీసా తీశారు. రెండు చెంచాలు కొలిచి, అంతే నీళ్లు కలిపి, గుటుక్కున మింగి, మూత బిగించారు. కౌటిల్యుడు చెప్పిన ఆరింటిలో అరిష్టమూ ఒకటని, అదీ పులిసినదేననీ, అందులోనూ తనంత తాను పుట్టిన ఆల్కహాలు ఉంటుందనీ నేను చెప్పబోయి, అప్పటికే ఆ రాత్రి వ్యాఖ్యాతలు ఎక్కువయ్యారని ఊరుకున్నాను.

“రెండో సీసా మంచి సందర్భానికి దాచుకో తమ్ముడూ” అని చెప్పి ఆయన విమానమెక్కారు. అత్తగారు దాన్ని ఫ్రిజ్‌లో మజ్జిగ గిన్నె పక్కన పడుకోబెట్టారు. వారం తర్వాత, ఉక్కపోతకు కరెంటు కోత కూడా తోడైన సాయంత్రం, అరుగు మీద కూర్చుని స్టీలు గ్లాసుల్లో పోసుకున్నాం. బావమరిది మళ్లీ క్యాప్సికమే అన్నాడు. అత్తగారు ఒక గుక్క తాగి, “వగరే” అని, గ్లాసు మళ్లీ చాపారు.

ఫ్రిజ్ చెమ్మకు చీటీ నాని సగానికి పైగా ఊడిపోయింది. మూలం లభ్యం కానందున రెండో సీసాకు టీక రాయలేదు.