మోంరాషే తోటా, నీ దయ!

బర్గండీ కొండవాలున కొలువైన మోంరాషే తోటా, నీ వినయం ఎవరికి వస్తుంది! తెల్ల వైన్లకు నువ్వే చక్రవర్తివని లోకమంతా కీర్తిస్తున్నా, ఎనిమిది హెక్టార్లు, అంటే మన లెక్కన ఇరవై ఎకరాలు, దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. అందులోనూ పదిహేను మందికి పైగా వాటాదార్లు. డొమేన్ లఫ్లేవ్ అంతటి పేరున్నవాళ్ల వంతు 20 సెంట్లు. ఏటా ఓ పీపా, మహా అయితే మూడు వందల సీసాలు. అందరి దాహం తీర్చాలన్న నీ తపనకు ఇంకేం రుజువు కావాలి?

నీ సమదృష్టి మరీ గొప్పది. సున్నపురాతి నేల, నీరు నిలవని వాలు, పొద్దుటి ఎండ: ఇవన్నీ నిజమే, కాదనను. కానీ దిగువన దారి దాటితే బాటార్-మోంరాషే, ఇంకాస్త దిగితే ఉత్త ఊరి వైన్. అదే షార్డనే ద్రాక్ష! వాన నీళ్లయినా ఆ వాలున అంత వేగంగా దిగవు, ధర దిగినట్టు.

ప్యూలిన్యీ, షసాన్యీ అనే రెండూళ్లు 1879లో తమ పేర్ల చివర నీ పేరు తగిలించుకున్నాయి, కలెక్టరైన దూరపు చుట్టాన్ని శుభలేఖలో వేసుకున్నట్టు. అప్పట్లో షసాన్యీలో పండేది ఎక్కువగా ఎర్ర వైనే. పాపం, నువ్వు నోరు మెదపలేదు.

నిన్ను టోపీ తీసి, మోకరిల్లి తాగాలని రచయిత డ్యూమా అన్నాడట. ఇప్పుడా సలహా అక్కర్లేదు, బిల్లు చూడగానే మోకాళ్లు వాటంతటవే వంగుతున్నాయి.

నీ అసలు లీల సీసాలో ఉంది. పదేళ్లు దాచి తాగితేనే నీ మహిమ తెలుస్తుందంటారు. తీరా చూస్తే 1990ల నడిమి పంటల నుంచి బర్గండీ తెల్ల వైన్లు కొన్ని అకాల వార్ధక్యం పాలవుతున్నాయి. బంగారు రంగు గోధుమ రంగుకు తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన. ఒకే పెట్టెలో ఒక సీసా అమృతం, పక్కది పారబోతకు. బిరడా అన్నారు, గంధకం తగ్గించడమన్నారు, పళ్లు పిండే పద్ధతన్నారు. నేరం ఒక్కరి మీదా నిలవలేదు. నీ ఇంటి సీసాలకూ ఆ గండం తప్పలేదు. ఇంత సొమ్ము పోసినవాడికి మూత తీసేదాకా ఫలం తెలియనివ్వక నిష్కామ కర్మ నేర్పే గురువు మరొకరున్నారా?

అందుకే తెలివైన భక్తులు నిన్ను తెరవడమే మానేశారు. వేలంపాటలో కొని, చల్లటి నేలమాళిగలో పడుకోబెట్టి, మరో వేలంపాటకు పంపేదాకా ఈగ వాలనివ్వరు. రుచి ఎలా ఉంటుందండీ అని అడిగి చూడండి, రేటు చెప్తారు.