గాలికీ కిరాయే!

కిలో ఆవకాయ ఎంతకి అమ్మాలో మా ఆవిడ వంటింట్లో నిలబడే తేల్చేసింది. కాయ, కారం, ఆవపిండి, నూనె, ముక్కలు కొట్టిన కూలి, తన రెక్కల కష్టం, పైన కాస్త లాభం. అంతే. ఆ సీసాని రాజమండ్రి నుంచి కొన్నవాళ్ళ గుమ్మం దాకా చేర్చడానికి ఎంత పుచ్చుకోవాలన్నదే మా ఇంట్లో ఇప్పటికీ తెగని పంచాయితీ. రిటైరైన బ్యాంకు ఉద్యోగిని కాబట్టి ఆ శాఖ నాకు కట్టబెట్టారు. జన్మంతా పరాయివాళ్ళ వడ్డీలు లెక్కగట్టినవాడికి ఇదో లెక్కా అని అందరి ధీమా.

వెనకటికి ఈ బెడద లేదు. హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు దొరికేవారు. "ఏముంది బాబూ, చిన్న సీసా" అంటూ ఐదు కిలోల జాడీ వాళ్ళ ఒళ్ళో పెట్టేవాళ్ళం. రైల్లో నూనె కారి పక్కాయన పంచె పాడైతే ఆ గొడవ వాళ్ళిద్దరూ చూసుకునేవారు. అమెరికాలో అమెజాన్ 99 డాలర్లు దాటిన ఆర్డర్లకి ఉచితంగా పంపడం మొదలెట్టింది 2002లో. మనవాళ్ళు ఏ హద్దూ పెట్టకుండా తరాలుగా పంపుతూనే ఉన్నారు.

ఇప్పుడు కొరియరు. వాళ్ళు సాధారణంగా అరకిలో చొప్పున లెక్కగడతారు. ఒక్క గ్రాము ఎక్కువైనా పై అరకిలో రేటు పడుతుంది. కిలో పచ్చడి సీసా, బబుల్ షీటు, అట్టపెట్టె, టేపు కలిసి కిలో దాటకుండా ఎలా ఉంటాయి? కాబట్టి కిలో పచ్చడంటే కొరియరు భాషలో కిలోన్నర. అరకిలో ప్యాకెట్టుదీ ఇదే గతి. అందుకే మా దగ్గర అరకిలో దొరకదు, 400 గ్రాములది దొరుకుతుంది. "ఇదేం తూకమండీ?" అని ఎవరైనా అడిగితే మా ఆవిడ తడుముకోదు. "ఆరోగ్యానికి అంతే మంచిదమ్మా" అంటుంది.

పచ్చడి నయం. బరువుంది, డబ్బు కట్టాం, న్యాయం. పూతరేకుల దగ్గర నాకు కళ్ళు తిరిగాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 5,000తో భాగిస్తారు. వచ్చినదాన్నీ అసలు బరువునీ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. మా పూతరేకుల పెట్టె 30, 20, 12 సెంటీమీటర్లు. తక్కెడ మీద పెడితే అరకిలో కూడా తూగదు. లెక్కలో మాత్రం 1.44 కిలోలు, అంటే కిలోన్నర రేటు. తతిమ్మాదంతా గాలి. ఆ గాలికి కిరాయి, కిరాయి మీద ఇంధనం సర్‌చార్జి, అంతా కలిపిన మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

"ఏమండీ, చిన్న పెట్టెలో సర్దేస్తే?" అంది మా ఆవిడ.

"సర్దొచ్చు. పూతరేకులు ఎక్కుతాయి, పొడి దిగుతుంది" అన్నాను.

ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొరియరు గోడౌన్‌లో వాటి మీద ఇస్త్రీపెట్టె పార్సెల్ పెట్టేవాడికి ఆ సంగతి తెలియదు.

బరువూ గాలీ చాలవన్నట్టు దూరాన్ని బట్టి కూడా రేటు మారుతుంది. అందుకే ఆర్డర్ రాగానే నేను పేరు చూడను, ఏం కొన్నారో చూడను. పిన్ కోడ్ మొదటి అంకె చూస్తాను. 1972 ఆగస్టు 15న ఈ కోడ్ తెచ్చినప్పుడు తపాలా శాఖకి ఉత్తరాల గొడవే తప్ప నా బీపీ గురించి తెలిసే అవకాశం లేదు. మొదటి అంకె 5 అయితే ఆంధ్రా, తెలంగాణా, కర్ణాటకా, ప్రాణం కుదుటపడుతుంది. 6 అయితే తమిళనాడూ కేరళా, ఫర్వాలేదు. 7 అయితే, ఒడిశానో బెంగాలో అయ్యుండాలని దేవుణ్ణి తలుచుకుని రెండో అంకె చూస్తాను. అది 8 అయితే అస్సాం. మా ఆవిడ "గువాహటి నుంచి ఆర్డరండీ!" అని మురిసిపోతుంటుంది, నేను మంచినీళ్ళు అడుగుతాను.

సరే, ఉన్నదున్నట్టు చెబుదామని పచ్చడి 350, కొరియరు 110 అని విడివిడిగా పెట్టాం. "350 పచ్చడికి 110 కొరియరా? పచ్చడి విమానంలో వస్తుందా?" అని ఒకావిడ వాట్సాప్‌లో అడిగింది. మర్నాడు 460 చేసి, పక్కన 'డెలివరీ ఉచితం' అని రాశాం. ఆవిడే కొంది. రెండు నమస్కారాలు కూడా పెట్టింది. అయితే రెండు సీసాలు కొన్నవాళ్ళు కొరియరుకి రెండుసార్లు కట్టినట్టవుతుందిగా? అది అన్యాయమని మా ఆవిడ ఒప్పుకోలేదు. పచ్చడి రేటు తగ్గించి, కొరియరుకి ఒకటే ధర పెట్టి, 999 దాటితే ఉచితం అన్నాం. ఇక చూడండి, 940 దగ్గర ఆగినవాళ్ళంతా 60 రూపాయల కరివేపాకు పొడి వేసుకుంటున్నారు. మా కరివేపాకు పొడి అంత పోవడానికి కారణం కరివేపాకు కాదు.

దేశమంతా ఒకటే ధర అంటే కాకినాడ ఆవిడ కట్టినదాంట్లో కొంత గువాహటి ఆయన పెట్టెకి పోతుంది. బ్యాంకులో దీన్ని క్రాస్ సబ్సిడీ అనేవాళ్ళం. ఇది తప్పు కదా అంటే మా ఆవిడ, "పోనిద్దురూ, అంత దూరాన మన తిండికి మొహం వాచి ఉంటాడు పాపం" అంటుంది. దానికి ఏ బ్యాంకు సర్క్యులర్లోనూ జవాబు లేదు.

అమెరికా సంగతి అడక్కండి. 800 డాలర్ల లోపు సరుకుకి సుంకం లేదన్న వెసులుబాటుని 2025 ఆగస్టు 29 నుంచి వాళ్ళు తీసేశారు. దాంతో మన తపాలా శాఖ కూడా ఆ దేశానికి పార్సెళ్ళు ఆపేసి, మళ్ళీ అక్టోబరు 15న తెరిచింది. ఈలోగా డాలస్ వెళ్ళే ప్రతి అత్తగారి సూట్‌కేసూ మాకు ఆశగానే కనిపించింది. తిరిగి తిరిగి ఒళ్ళో జాడీ దగ్గరికే వచ్చాం.

ఇన్ని లెక్కలేసినా అందనిది ఒకటుంది. కొరియరు కుర్రాడు ఫోన్ చేస్తాడు. తెలియని నంబరు కదా, క్రెడిట్ కార్డు అమ్మేవాళ్ళనుకుని అవతలివాళ్ళు కట్ చేస్తారు. మళ్ళీ చేస్తాడు, మళ్ళీ కట్. పార్సెల్ వెనక్కి వచ్చేస్తుంది. వెళ్ళిన కిరాయీ మాదే, వచ్చిన కిరాయీ మాదే. క్యాష్ ఆన్ డెలివరీ అయితే చేతికి పైసా రాదు. మా ఇంట్లో ఒక గోంగూర సీసా ఉంది, లక్నో చూసొచ్చింది. నేనింకా లక్నో చూడలేదు.

ఆ నష్టం ఎక్కడో ఒకచోట కలపాలి కాబట్టి, మీరు కట్టే కొరియరు చార్జీలో ఎవరో ఎత్తని ఫోన్ ఖరీదు కూడా ఉంది. కనుక చదివేవారికి మనవి: ఏదైనా ఆర్డర్ పెట్టాక నాలుగు రోజులు తెలియని నంబరైనా ఎత్తండి. క్రెడిట్ కార్డు వాళ్ళయితే వద్దని చెప్పొచ్చు. చిరునామా 'రామాలయం వెనక పచ్చ గేటు' అని రాసినా ఇబ్బంది లేదు, పిన్ కోడ్ మాత్రం ఆరంకెలూ సరిగ్గా వెయ్యండి.