పన్నెండు సెకన్లు

మా అక్క కొడుకు బోడుప్పల్‌లో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. మూఢం వస్తే పనుండదు. అప్పుడు డ్రోన్ పట్టుకుని మబ్బుల వెంట పడతాడు. ఓక్లహోమా, కాన్సస్ మైదానాల్లో టోర్నడోల వెనక కార్లేసుకుని తిరిగేవాళ్ల వీడియోలు చూసి పట్టుకున్న పిచ్చి అది. మనకు టోర్నడోలు అరుదే గానీ, ఏప్రిల్ సాయంత్రం ఘట్‌కేసర్ వైపు క్యుములోనింబస్ మబ్బు లేచిందంటే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున నిలబడుతుంది. అది చూడాల్సిందే.

"మబ్బు కిందికి పోవద్దు మామా, పక్కకుండి తియ్యాలె" అంటాడు. గాలి గంటకు నలభై కిలోమీటర్లు దాటితే అరకిలో కూడా లేని డ్రోన్ ఎదురు రాలేదు. వానకు ముందు చల్లగాలి ఒక్కసారిగా కొడుతుంది చూడండి, వాడికి అదే గుర్తు. వెంటనే దింపేస్తాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చుతుంది.

2020 అక్టోబర్ 13న మాత్రం డ్రోన్ బ్యాగులోంచి బయటికే రాలేదు. తీవ్ర వాయుగుండం పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటి, సాయంత్రానికి హైదరాబాద్ మీదికొచ్చింది. ఘట్‌కేసర్‌లో ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన. రామంతాపూర్, హబ్సిగూడ వీధుల్లోకి చెరువులొచ్చాయి. అక్కావాళ్ల కాలనీలో అర్ధరాత్రికి బియ్యం డబ్బా తేలింది, బీరువా సగం మునిగింది. అందరూ డాబా ఎక్కి తెల్లార్లూ తడిశారు.

మర్నాడు సాయంత్రం తెరిపిచ్చాక వాడు డాబా మీంచే ఎగరేశాడు. రిమోట్‌కు తగిలించిన ఫోన్‌లో నేనూ చూశాను. కాలనీ కనిపించలేదు, చెరువు కనిపించింది. కట్ట వంపు, తూము మూల, అలుగు పారిన దారి, అన్నీ ఉన్నాయి. బావ చిన్నప్పుడు ఈత కొట్టిన చెరువు అది. శిఖం భూమి ఎంతవరకు ఉండేదో ఏ పటం చూడకుండానే నీళ్లు చూపించాయి. "దీన్ని దాచకురా, పదిమందీ చూడాలి" అన్నాను. ఆ మాట ఇప్పటికీ అంటాను. ఇల్లు కొనేవాడికి అంతకంటే పనికొచ్చే కాగితం లేదు.

వాడు ఆ రాత్రే నెట్‌లో పెట్టాడు. రెండ్రోజులకు ఎవరో ఫోన్ చేశారు.

"తమ్మీ, వీడియో మస్తుగుంది. కొంటం. ఎంతియ్యాలె?"

పేపరువాళ్లో, చెరువులు చూసే ఆఫీసువాళ్లో అనుకున్నాడు వాడు. బీరువా, బియ్యం, తడిసిన పరుపులు లెక్కేసుకుని బెదురుతూనే ఓ అంకె చెప్పాడు. అవతలాయన బేరం కూడా ఆడలేదు.

"మొత్తం వద్దు. ఆఖర్ల పొద్దు గుంకుతుంటే నీళ్లు మెరుస్తయి చూడు, ఆ పన్నెండు సెకన్లు చాలు. కింద మూలకు ఒక డాబా, దాని మీద ఒకామె కొంగు పిండుకుంటుంది. ఆమెను తీసేసి పంపు."

"ఆమె మా అమ్మ సార్" అన్నాడు వాడు.

"అట్లనా? మంచిగున్నరు గదా?"

"ఉన్నది సార్. ఇంతకూ వీడియో మీకెందుకు?"

"దసరాకు కొత్త వెంచర్ తెరుస్తున్నం తమ్మీ, మీ కాలనీ పక్కకే. లేక్ వ్యూ అని బోర్డు పెట్టినం. వచ్చినోళ్లంతా లేక్ ఏది, లేక్ ఏది అంటున్నరు. ఏడికెల్లి చూపియ్యాలె? దాన్ని పూడ్చే గదా మీ కాలనీకి ప్లాట్లు కొట్టినం!"