ట్యాంకులెక్కి వచ్చిన పేరంటాళ్లు

ప్రచ్ఛన్న యుద్ధం సాగిన నాలుగు దశాబ్దాల్లో ఏ అగ్రరాజ్యమూ ఏ దేశం మీదా దురాక్రమణ చెయ్యలేదు. నమ్మకం లేకపోతే వాళ్ల కాగితాలు తిరగెయ్యండి. కమ్యూనిజాన్ని ఆపడానికి అమెరికా వెళ్లింది, కాపాడటానికి సోవియట్ యూనియన్ వెళ్లింది. ఇద్దరూ పిలిస్తేనే వెళ్లారు. పిలవని పేరంటానికి వెళ్లే అలవాటు ఆ ఇళ్లలో లేదు. బొట్టు పెట్టి పిలిచిన ఇల్లాలు ఎవరమ్మా అని అడిగితేనే కాస్త నీళ్లు నమిలేవాళ్లు.

1968 ఆగస్టు 20 రాత్రి చెకోస్లొవేకియాలోకి సోవియట్, పోలండ్, హంగరీ, బల్గేరియా సేనలు దిగాయి. ఆ దేశపు పార్టీ, ప్రభుత్వ నాయకులే సాయం అడిగారని మాస్కో వార్తాసంస్థ టాస్ ప్రకటించింది. ఏ నాయకులు? పేర్లు లేవు. పార్టీ అధినేత డూప్చెక్ పిలవలేదు. ఆయన్ని పట్టుకుని మాస్కో తీసుకెళ్లారు. పార్టీ అధ్యక్షవర్గం పిలవలేదు. ఆ రాత్రే కూర్చుని 7-4 ఓట్లతో ఈ రాకను ఖండించింది. మరి పిలిచిందెవరు? పార్టీలోని మాస్కో పక్షపాతి వాసిల్ బిలాక్, ఆయన జట్టు, అంతా కలిపి ఐదుగురు. ఆగస్టు మొదట్లో బ్రాటిస్లావాలో సోదర పార్టీల సమావేశం జరుగుతున్నప్పుడు, వాళ్ల ఉత్తరం ఒక మరుగుదొడ్డిలో చేతులు మారి సోవియట్ అధినేత బ్రెజ్నెవ్‌కి చేరింది. ఒక దేశ సార్వభౌమత్వం తరఫున వెళ్లిన ఆహ్వానం అది! పైగా రష్యన్ భాషలో రాశారు, చదువుకునేవాళ్లకి శ్రమ ఎందుకని కాబోలు. ఇరవై నాలుగేళ్లు మాస్కో బీరువాల్లో మగ్గి, 1992లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ దాన్ని చెకోస్లొవేకియా అధ్యక్షుడు హావెల్ చేతికి పంపితే గాని అది లోకానికి కనబడలేదు.

హంగరీలో ఇంకో పద్ధతి. 1956 అక్టోబరులో సోవియట్ సేనలు ముందు బుడాపెస్ట్‌లోకి వచ్చేశాయి. రమ్మని కోరుతున్న కాగితం మీద మాజీ ప్రధాని హెగెదూష్ తర్వాత తీరిగ్గా పాత తేదీ వేసి సంతకం పెట్టాడు. నవంబరులో రెండో విడత పిలుపు కాదార్ కొత్త ప్రభుత్వం పేరుతో రేడియోలో వినిపించింది. ఆ ప్రసారం వచ్చింది సోవియట్ గడ్డ మీద నుంచి.

అఫ్ఘానిస్తాన్‌ని వీటితో కలపకండి, అక్కడ నిజంగానే పిలిచారు. 1979 మార్చిలో హెరాత్ నగరం తిరగబడినప్పుడు అధ్యక్షుడు తరాకీ ఫోన్ చేసి సోవియట్ ప్రధాని కొసిగిన్‌ని బతిమాలాడు. మీ తాజిక్కులకీ ఉజ్బెక్కులకీ మా బట్టలు తొడిగి పంపండి, ఎవరూ పోల్చుకోలేరని ఉపాయం కూడా చెప్పాడు. కుదరదన్నాడు కొసిగిన్. తొమ్మిది నెలలకు కుదిరింది. ఈలోగా తరాకీని ఆయన సహచరుడు అమీన్ చంపించి కుర్చీ ఎక్కాడు, ఎక్కి తనూ సైన్యాన్ని పంపమనే అడిగాడు. డిసెంబరు 27న ఆ సైన్యం ఆయన ఉంటున్న తాజ్‌బేగ్ భవనానికి వచ్చి ఆయన్నే చంపింది. అదే రోజు పగలు ఆయన భోజనంలో విషం కలిపించిందీ సోవియట్ గూఢచారులే, సంగతి తెలియక మందిచ్చి బతికించిందీ సోవియట్ డాక్టర్లే. ఇంత శ్రద్ధ ఏ అతిథులు చూపిస్తారు? ఆ రాత్రి కొత్త నాయకుడు బబ్రక్ కార్మల్ గొంతు రేడియోలో వచ్చింది. ఆ ప్రసారమూ సోవియట్ గడ్డ మీద నుంచే. కొత్త ప్రభుత్వం సాయం కోరిందనీ, మాస్కో పెద్ద మనసుతో ఒప్పుకుందనీ ఆ తర్వాత తెలియజేశారు.

నవ్వకండి, ఇందులో మన వాటా కూడా ఉంది. 1980 జనవరిలో, మెదక్ నుంచీ రాయ్‌బరేలీ నుంచీ గెలిచిన ఇందిరాగాంధీ మళ్లీ గద్దెనెక్కబోతున్న రోజుల్లో, అఫ్ఘాన్ ప్రభుత్వం కోరితేనే సోవియట్ సేనలు వెళ్లాయని మన ప్రతినిధి బ్రజేశ్ మిశ్రా ఐక్యరాజ్య సమితిలో చెప్పారు. జనరల్ అసెంబ్లీలో 104 దేశాలు ఆ సేనల్ని వెళ్లిపొమ్మని ఓటేస్తే మనం చేతులు కట్టుకుని తటస్థంగా కూర్చున్నాం. కోరినది చచ్చిన ప్రభుత్వమా, చంపినవాళ్లు తెచ్చిన ప్రభుత్వమా అన్న సందేహం అలీన దేశానికి అక్కర్లేదు.

అమెరికా సంగతి వేరు. అది పత్రికా స్వేచ్ఛ ఉన్న దేశం కనక పిలుపు ఉత్తరాలకు అక్కడ ఎడిటింగ్ ఉంటుంది. 1965 ఏప్రిల్‌లో డొమినికన్ రిపబ్లిక్‌లో సైనిక కూటమి పెద్ద కర్నల్ బెన్వా, కమ్యూనిస్టులు తిరగబడ్డారు, సేనల్ని పంపండని రాసిచ్చాడు. అది చాలదు, అమెరికన్ల ప్రాణాలకు ముప్పుందని రాయమన్నారు. రాశాడు. ఇరవై వేలకు పైగా సైనికులు దిగాక, అమెరికన్ల ప్రాణాలు పక్కకు పోయి కమ్యూనిస్టులే మళ్లీ ముందుకొచ్చారు. యాభై మందికి పైగా పేర్లతో జాబితా కూడా విడుదలైంది. విలేఖరులు వెతికితే అందులో కొందరు జైల్లో ఉన్నారు, కొందరు అసలు దేశంలోనే లేరు.

అంతకు కొద్ది వారాల ముందే, మార్చి 8న, దానాంగ్ ఒడ్డున దిగిన మెరైన్లకు వియత్నాం అమ్మాయిలు పూలదండలు వేశారు. దండలు సిద్ధంగా ఉన్నాయిగాని పిలుపే సిద్ధంగా లేదు. ఉమ్మడి ప్రకటన ఒకటి వెంటనే రాసివ్వండని సైగాన్‌లోని అధికారి బుయ్ జియెంకు ఆ ఉదయమే కబురొచ్చింది.

1983 అక్టోబరు 25న లక్ష జనాభా కూడా లేని గ్రెనడా మీదికి అమెరికా అధ్యక్షుడు రీగన్ సేనలు వెళ్లాయి. పిలిచినవారు గవర్నర్ జనరల్ పాల్ స్కూన్, అంటే బ్రిటన్ రాణి ప్రతినిధి. రాణికి మాత్రం కబురు లేదు, బ్రిటన్ ప్రధాని థాచర్ మండిపడింది. ఉత్తరం మీద తేదీ 24. సంతకం పడింది అమెరికా సేనలు వచ్చి ఆయన్ని విడిపించాక. నోటిమాటగా ముందే అడిగానని స్కూన్ తర్వాత చెప్పుకున్నాడు. అడిగే ఉండొచ్చు. హెగెదూష్ కూడా అదే మాట చెప్పుకోవచ్చు.

ఈ వరసలో లెబనాన్‌ది పాపం సిసలైన పిలుపు. 1958 జులైలో అధ్యక్షుడు షమూన్ స్వయంగా అడిగాడు, మెరైన్లు బీరూట్ బీచ్‌లో స్నానాలు చేస్తున్నవాళ్ల మధ్య దిగారు. కమ్యూనిజమే అక్కడ ఎంత వెతికినా సరిగ్గా దొరకలేదు.

1989 డిసెంబరు 20న అమెరికా పనామాలోకి వెళ్లింది. నాలుగు రోజులకు, రొమేనియాలో చౌషెస్కు మీద తిరగబడ్డ జనానికి తోడుగా సోవియట్ సేనలు వెళితే మాకేం అభ్యంతరం లేదని అమెరికా విదేశాంగ మంత్రి బేకర్ టీవీలో ప్రకటించాడు. నలభై ఏళ్లు ఏది జరగకూడదని పోరాడారో దానికే పిలుపు! మాస్కోలో అమెరికా రాయబారి మ్యాట్‌లాక్ ఈ మాట కదిపితే సోవియట్ ఉప విదేశాంగ మంత్రి అబోయిమొవ్ ఒప్పుకోలేదు. సోదర దేశంలో సోషలిజానికి ముప్పొస్తే సేనల్ని పంపొచ్చనేది బ్రెజ్నెవ్ సిద్ధాంతం. బ్రెజ్నెవ్ సిద్ధాంతం ఇక మీదేననుకోండి, మా కానుకగా ఉంచుకోండి అన్నాడు.