పెరిగితేనే భయమా?

పుట్టింది పుణెలోనే గానీ, మాది గవర్నర్‌పేటే అంటాను. ఏలూరు రోడ్డు పక్క సందులో ఓ నర్సింగ్ హోం బల్ల మీద మూత తెరుచుకుని కూర్చునేదాన్ని. పాదరసం బీపీ మిషన్‌ని. వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే: "ఎక్కువేం లేదు కదండీ?" తక్కువైతే ఏమవుతుందని ఒక్కరూ అడగలేదు. నా మంటంతా అక్కడే.

నాట్ల రోజుల్లో దివిసీమ నుంచి ఒకాయన్ని తెచ్చారు. షుగరు మనిషి, కాల్లో ముల్లు విరిగి సెప్టిక్ అయింది. ముందు చూసినచోట జ్వరానికి ఇంజెక్షన్ చేసి పంపేశారట, బీపీ చూడకుండానే. చెయ్యి వెచ్చగానే ఉందని వాళ్ళావిడకి ధైర్యం. ఆయనేమో రొప్పుతూ, సొంత కొడుకునే "ఎవరబ్బాయివి నువ్వు?" అంటున్నాడు. సిస్టర్ పట్టీ చుట్టి, గాలి కొట్టి, మెల్లగా వదిలింది. 120 దాటాను, చప్పుడు లేదు. 100, లేదు. 80 దగ్గర వినపడీ వినపడనట్టు ఒక్క టప్పు. ఆవిడ కేకకి డాక్టరుగారు పరుగున వచ్చారు.

దాని పేరు సెప్సిస్. నెత్తుట్లో చేరిన బాక్టీరియా కంటే, దాన్ని చంపబోయి ఒళ్ళు చేసే రభసే ఎక్కువ చేటు. రక్షణ కణాలు కుమ్మరించే రసాయనాలకి రక్తనాళాలు సడలిపోతాయి, నీరు బయటికి ఊరిపోతుంది, సన్న నాళాల్లో గడ్డలు కడతాయి. చెయ్యి వెచ్చగా ఉన్నదీ ఆ సడలింపు వల్లే. కాలవకి గండ్లు పడితే శివారు చేనుకి నీరెక్కుతుందా? కిడ్నీలకీ మెదడుకీ అదే గతి. 2017లో ప్రపంచం మొత్తం మీద దీంతో ముడిపడ్డ మరణాలు సుమారు 1.1 కోట్లు.

కల్చర్‌కి రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఇచ్చారు. సెలైన్లు చాలక, సడలిన నాళాల్ని బిగించే నార్‌అడ్రినలిన్ పెట్టారు. రాత్రంతా ఆయన చేతికే ఉన్నాను. తెల్లారేసరికి 110. కొన్నాళ్ళకి ఒక వేలు పోగొట్టుకుని నడిచొచ్చాడు. 130 చూపిస్తే ఏమన్నాడో తెలుసా? "కాస్త ఎక్కువైనట్టుందండీ!"

2018లో మన దేశం పాదరసాన్ని కట్టడి చేసే మినమాటా ఒప్పందాన్ని ఆమోదించింది. నా పొట్టలోది విషమే, కాదనను. అప్పట్నుంచీ బీరువా మీద, పాత కేస్ షీట్ల కింద ఉన్నాను. రబ్బరు బుడ్డి ఎండి పగిలింది. చెత్తబండిలో వెయ్యకూడదు, పాత సామాన్లవాడు ముట్టుకోడు. అటకెక్కించడానికి కూడా ఎవరికీ తీరిక లేదు.

బల్ల మీద ఇప్పుడు డిజిటల్ పిల్ల. చురుకైనదే. నాడి మరీ నీరసిస్తే మాత్రం అంకె చెప్పలేక "ఎర్రర్" అంటుంది. మొన్న అలా రెండుసార్లు అంటే బ్యాటరీలు మార్చారు. బ్యాటరీ కాదర్రా, మనిషిని చూడండి!